వేలు పెట్టే ముందు కన్ను పెట్టమన్న మేనత్త

మా మేనత్త పోయింది. పోయిన సోమవారం పొద్దుగాల ఎల్లారెడ్డి మోటారు దిగి వచ్చిన మా ఊరి మనిషి, కామారెడ్డిల మా ఇంట్లకు రమ్మన్నా రాకుండ వాకిట్లనే తల వంచుకొని నిలబడ్డడు. "అక్కా, మీ అత్త నిన్న మాపటికి..." అని ఆగిండు. మిగిలింది అడగలేదు. అదే మోటారు ఎక్కి ఎల్లారెడ్డికి బయలెల్లిన.

చలిజ్వరం. పది రోజులు తగ్గుకుంట, తిరగబెట్టుకుంట సతాయించింది. క్వినైన్ మాత్రల కోసం నా పెనిమిటి కామారెడ్డి బజారంత తిరిగిండు. "అన్నీ యుద్ధానికి పోతున్నయి, మాకు వస్తలేవు" అన్నరట దుకాణాలల్ల. ఎట్లనో నాలుగు మాత్రలు దొరికితె పంపినం. అవి చేరిననాడే ఆమె కన్ను మూసింది. యుద్ధం సముద్రాల అవతల జరుగుతున్నదని పత్రికలల్ల చదువుతున్నం. ఎల్లారెడ్డిల మట్టిగోడల ఇంట్ల పోయిన ఒక ముసలామె సంగతి ఏ పత్రికా రాయదు. అందుకే నేను రాస్తున్న.

ఆమె మా బాపుకు అక్క. పదకొండేండ్లకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చింది, మళ్ల అత్తింటి గడప తొక్కలేదు. నన్ను కన్నది మా అవ్వ, సాదింది అత్త. మాట్లాడేటప్పుడు ఆమె చూపుడువేలు తొడ మీద కదులుతనే ఉండేది. దురద అనుకునేదాన్ని. పెద్దగయినంక తెలిసింది, నోటితో అంటున్న మాటనే వేలితో రాసుకునేదని. చిన్నప్పుడు వాళ్ల తాత బూడిదల దిద్దించిన తెలుగు అక్షరాలు అవి. మరిచిపోతనేమోనని ఆమెకు భయం.

కాని ఆ తెలుగు అక్షరాలు మా మడిని కాపాడలేదు. నాకు ఏడెనిమిదేండ్లప్పుడు దొర మనిషి ఒక కాగితం తెచ్చి, "చేన్లు కొలుస్తున్నరు, వేలిముద్ర పెట్టు" అన్నడు. బాపు పెట్టిండు. కాగితం సర్కారు భాష ఉర్దూల ఉన్నది. చెరువు కింది మడిని ఇష్టపడి ఇచ్చేసినట్టు దాంట్ల రాసి ఉన్నదని నాట్లప్పుడు తెలిసింది. దున్నబోయిన బాపు నాగలి భుజాన పెట్టుకొని తిరిగి వచ్చిండు. ఆ దినం ఇంట్ల పొయ్యి అంటుకోలేదు.

వారం గడిచినంక అత్త పక్కింటికి పోయింది. అక్కడ కచేరిల పనిచేసే సాయెబు భార్య ఉండేది. పరదా మనిషి. మేమంత బీబీ అనేటోళ్లం. "బీబీ, నాకు మీ అక్షరాలు చెప్తవా?" అని అడిగిందట అత్త. ఆమె నవ్వి, "నలభై ఏండ్లకా?" అన్నదట. "నలభై ఏండ్లకు మడి పోయింది. ఇంక దేనికోసం ఆగాలె?" అన్నది అత్త.

రెండేండ్లు పట్టింది. పగటిపూట పని తీరినంక ఇద్దరు పెరటిగోడకు అటొకరు ఇటొకరు కూసునేటోళ్లు. మా వాడకట్టు ఆడోళ్లు నవ్వేటోళ్లు, "కుడి నుంచి ఎడమకు రాసుడేంది, ఉల్టా చదువు!" అని. "కుడి నుంచి ఎడమకు దున్నితె పంట పండదా?" అనేది అత్త.

ఆ చదువు అక్కరకొచ్చిన దినం నాకు కండ్లకు కట్టినట్టున్నది. మా ఎదురింట్ల గొల్ల అవ్వ ఉండేది, ఒక్కగానొక్క కొడుకుతోని. దొర మనిషి మళ్ల వచ్చిండు. "నీ కొడుకును వెట్టి నుంచి విడిచిపెడుతున్నం, ముద్ర పెట్టు" అన్నడు. ముసలమ్మ సంబురంగ చెయ్యి చాపింది. అత్త పేడచేతులు కొంగుకు తుడుచుకొని వీధి దాటి పోయింది.

"ఆగు వదినె. వేలు పెట్టే ముందు కన్ను పెట్టాలె" అని కాగితం అందుకున్నది. ఒక్కొక్క మాట కూడబలుక్కుంట చదివింది. "దీంట్ల వెట్టి ముచ్చటే లేదు. నీ గొర్లదొడ్డి జాగ దొరకు ఇచ్చినవని ఉన్నది."

దొర మనిషి మొఖం నల్లబడ్డది. "నీకు ఉర్దూ వస్తదా?" అన్నడు.

"వస్తది. ఇంకోసారి సదువుమంటవా?"

వాడు కాగితం గుంజుకొని పోయిండు. దొడ్డి దక్కింది. కాని నాలుగు దినాలకే మా ఎడ్లకు, బండికి, బాపుకు వెట్టి పడ్డది. విత్తనాలు వేసే కార్తెల నెలరోజులు అధికార్ల సామాన్లు మోసిండు. ఒక ఎద్దు దారిలనే పడిపోయింది. తిరిగి వచ్చినంక బాపు అత్త దిక్కు చూసి, "నీ సదువు నా ఎద్దును తిన్నది" అన్నడు. ఆ ఒక్క మాటే. వానకాలమంత ఆమెతోని మాట్లాడలేదు. ఆమె తినేది, పనిచేసేది. తొడ మీద వేలు మాత్రం ఆగిపోయింది.

దసరా దాటినంక ఒకనాడు బాపు ఒక కాగితం తెచ్చి ఆమె ముందట పెట్టిండు. "అక్కా, జర సదివి చెప్పు" అన్నడు. ఆమె చదివి చెప్పింది. బాపు తల ఊపి చేనుకు పోయిండు. క్షమాపణలు మా ఇండ్లల్ల అట్లనే ఉంటయి. అయినంక అంత దూరం బీర్కూర్ దిక్కు నుంచి గూడ కాగితాలు పట్టుకొని ఆమె దగ్గరికి జనం వచ్చేటోళ్లు. నాకు రెండు లిపులూ ఆమెనే నేర్పింది. "భాషకు ఏం పాపం తెల్వదు బిడ్డ, దాన్ని దాచిపెట్టేటోనిదే పాపం" అనేది.

మొన్న కబురు విని నేను ఎల్లారెడ్డి చేరేసరికి దహనం అయిపోయింది. ఎన్నడు పగటిపూట వీధిల కనపడని బీబీ బుర్ఖా వేసుకొని, అందరు చూస్తుండంగ నడిచి వచ్చి మా వాకిట్ల కూసున్నది. ఆడోళ్లు జరిగి జాగ ఇచ్చిండ్రు.

పోయిన ఏడాది అత్త ఒక్కసారి కామారెడ్డికి వచ్చింది. రైలు చూస్తనంటె స్టేషన్‌కు తీసుకపోయిన. ఆ దినం యుద్ధానికి పోయే సిపాయిల బండి ఆగి ఉన్నది. కిటికీలల్ల ఇంకా మీసాలు సరిగ రాని పిల్లల మొఖాలు. నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఒకన్ని ఆమె తనకొచ్చిన ఉర్దూల అడిగింది, "ఏ ఊరు బిడ్డ?" అని. వాడు చెప్పిన ఊరు మా ఇద్దరికీ తెల్వదు. వాని మోచెయ్యి ఒకసారి తడిమి విడిచిపెట్టింది.

బండి కదిలింది. అత్త చెయ్యెత్తింది. తమలో ఎవరినో సాగనంప వచ్చిందనుకున్నరేమో, ఒక డబ్బా వెనుక ఒక డబ్బా, అన్ని కిటికీలల్ల నుంచి చేతులు లేచినయి. ఆఖరి డబ్బా మలుపు తిరిగి, పొగ జొన్నచేన్ల మీద పలుచబడి కలిసిపోయేదాక ఆమె ఎత్తిన చెయ్యి దించలేదు.