మార్కస్ మోకాలితో నరసరావుపేటకి

ఉదయం ఆరున్నరకు మాచర్ల బస్టాండులో నరసరావుపేట బస్సెక్కాం: నేను, మా నాయన, మార్కస్. పొడుగు కాళ్ళవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేవారు వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టండి, కాలు నడవలోకి చాపుకోవచ్చు. మార్కస్ ఎడమ కాలు అలాగే చాపాడు. మోకాలు బాగా వాచింది.

మార్కస్ అమెరికావాడు. పదకొండేళ్ళుగా యూరప్‌లో బాస్కెట్‌బాలే అతని ఉద్యోగం. గ్రీసు, పోలండ్, ఇప్పుడు లిథువేనియా. సెలవుల్లో వారం రోజులు మా బడి పిల్లలకు ఆట నేర్పడానికి వచ్చాడు. ఆ బడిలో నేను డ్రిల్లు టీచర్ని. అతనొస్తున్నాడని క్వారీలో పనిచేసే మా నాయన, తోటివాళ్ళు కలిసి మట్టి కోర్టు మీద నాపరాళ్ళు పరిచారు. అతిథి కాలికి మట్టి అంటకూడదని పాలిష్ కూడా పెట్టారు. వద్దని చెప్పాల్సింది నేనే. మురిసిపోయి ఊరుకున్నాను. నిన్న తుంపర పడ్డాక మార్కస్ ఆ రాళ్ళ మీద జారిపడ్డాడు.

పది రోజుల్లో లిథువేనియాలో అతని క్లబ్బు డాక్టరు అతన్ని పరీక్షిస్తాడు. మోకాలు బాగాలేదంటే కాంట్రాక్టు ఉండదు. "ముప్పై నాలుగేళ్ళవాణ్ణి మళ్ళీ ఎవరు పిలుస్తారు?" అని గురజాల చేరేలోపు రెండుసార్లు ఇంగ్లీషులో అడిగాడు. ఆ మాట మా నాయనకు తెలుగులో చెప్పాను.

గురజాలలో ఎక్కిన పెద్దామె అతన్ని తేరిపార చూసింది. "ఏందమ్మా, ఈ అబ్బాయి చానా పొడుగున్నాడే! కాలికేమైంది?"

"నా రాళ్ళ మీద పడ్డాడు తల్లీ. ఆ బిడ్డ బతుకుదెరువు తీసేశా," అని మా నాయన తలొంచుకున్నాడు.

పిడుగురాళ్ళలో బస్సు పది నిమిషాలాగింది. ప్లేటు ముప్పై చొప్పున ఇడ్లీ తెచ్చాను. ఎవరం సగం కూడా తినలేకపోయాం.

తొమ్మిదిన్నరకు పేటలో దిగి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. స్కానింగ్ గది బయట గంటన్నర కూర్చున్నాం. లోపల మిషను మోగినప్పుడల్లా మా నాయన ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నాడు.

డాక్టరు నన్నూ మార్కస్‌నూ లోపలికి పిలిచి ఫిలిం చూపించాడు. "నిన్నటి దెబ్బ పైపైదే, వారంలో తగ్గిపోద్ది. లోపల పాత చిరుగుంది, ఏడాది పైమాటే. ఇంకా ఆడితే నడకే కష్టం."

నేను ఇంగ్లీషులో చెబితే మార్కస్ ఆశ్చర్యపోలేదు. ఇంజెక్షన్లతో రెండు సీజన్లు నెట్టుకొచ్చానని, క్లబ్బుకు తెలియదని, ఈసారి స్కానింగ్ తప్పనిసరి చేశారని మెల్లగా చెప్పాడు. "మీ నాన్నకు చెప్పండి, రాళ్ళ తప్పు కాదని."

మూడింటి బస్సులో తిరిగొస్తూ మా నాయనకు ఆ మాట చెప్పాను. "అమ్మయ్య!" అన్నాడు మా నాయన, బస్సంతా వినబడేలా. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమన్నారు?" అని మార్కస్ అడిగాడు.

"దేవుడు చూసుకుంటాడన్నారు," అని అబద్ధమాడాను. నాకూ లోపల ఆ 'అమ్మయ్యే' మెదిలింది. ఏ ప్రయాణంలోనూ ఇంత సిగ్గుపడలేదు. అతను తలూపి మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. మాచర్ల దాకా ఆ చెయ్యి తియ్యలేదు.