మోచేతి పిన్ని

మా కుట్టు ఫ్యాక్టరీ పిల్లల గదిలో ఆయాగా పనిచేసే పిన్నికి దేవుడు పది వేళ్ళూ ఇచ్చాడు. కొన్ని నెలల కిందట ఆమె వాటిని సెలవు మీద పంపేసింది. తలుపు మోచేత్తో తీస్తుంది. లైటు నుదుటితో వేస్తుంది. గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించి నీళ్ళు తాగుతుంది. జబ్బా అంటే అదీ కాదు. పిల్లలు నిద్రపోతే చాలు, అదే మనిషి సూదిలో దారం ఒక్క ఊపులో ఎక్కిస్తుంది. వాళ్ళు కళ్ళు తెరిచారో, మళ్ళీ మోచేతులే. అందుకే ఆమెకు మోచేతి పిన్ని అని పేరు పడింది.

ఆమె పిచ్చి ఆమె దగ్గర ఆగితే నాకేం బాధ? ఒకరోజు మా నాలుగేళ్ళవాడు ఇంట్లో స్టూలెక్కి, పొట్టేలు గోడను కుమ్మినట్టు స్విచ్చును నుదుటితో కుమ్మాడు. మా అత్తగారు పొయ్యి మీద పెనం వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఒరేయ్, చేతులేమయ్యాయిరా?"

"ఉన్నాయి నానమ్మా," అని రెండూ చూపించాడు.

"మరి?"

"లైటు ఇలాగే వెయ్యాలి. నీకు రాదా?"

ఆవిడ వాణ్ణి వదిలేసి నా మీద పడింది. "పిల్లల గది కావాలని గేటు ముందు ఎండలో కూర్చుని నల్లబడ్డావు. ఈ చదువు కోసమేనా తల్లీ?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆ గది ఎవరో దయతలచి పడేసింది కాదు. మిషన్ల ముందు కూర్చునే ఆడవాళ్ళకు కూడా పిల్లలుంటారన్న సంగతి యాజమాన్యం బుర్రకెక్కించడానికి మా సంఘానికి తల ప్రాణం తోకకొచ్చింది. సంఘం కార్యదర్శిని నేనే. తెల్లారగానే పిన్ని మీదికి వెళ్ళాను.

"పిన్నీ, నీకు దణ్ణం పెడతాను, చేతులు వాడు. నిన్ను చూసి పిల్లలు నేర్చుకుంటున్నారు."

"చూడకుండా ఎట్లా నేర్చుకుంటారమ్మా? నువ్వు మీవాణ్ణి 'అరవకు' అని అరుస్తావు కదా. వాడేం నేర్చుకున్నాడు?"

అరవడం నేర్చుకున్నాడు. ఆ సంగతి ఒప్పుకుంటే నేను కార్యదర్శిని ఎలా అవుతాను?

"పిల్లలంటే గుడ్డిగా అచ్చుగుద్దుతారనుకుంటున్నావా?" పిన్ని మొదలుపెట్టింది. "నిన్న రెండు చేతుల నిండా దుప్పట్లతో వచ్చి, లైటు తలతో వేశాను. తర్వాత వాళ్ళు శుభ్రంగా చేత్తోనే వేసుకున్నారు. పిన్నికి చేతులు ఖాళీ లేవు పాపం అని వాళ్ళకు తెలుసు. ఖాళీ చేతులు ఊపుకుంటూ వచ్చి తలతో వేస్తేనే, 'ఓహో, ఇదే పద్ధతి కాబోలు' అని పట్టుకుంటారు. అందుకే ఖాళీగా ఉంచుకుంటున్నా."

"అదే వద్దంటున్నాను కదా!"

"అలాగేలేమ్మా," అంటూ మోచేత్తో తలుపు తీసి నన్ను బయటికి సాగనంపింది.

ఇలా ఉండగా మేనేజరు గోడ మీద కాగితం అంటించాడు. మూడేళ్ళు నిండీ సొంతంగా గ్లాసు పట్టుకుని ఒలకకుండా నీళ్ళు తాగలేని పిల్లలను గదిలో ఉంచుకోరట. వేళ్ళు సరిగ్గా లేని బిడ్డ ఎవరో ఉందని ఆయన చెవిలో ఎవరో ఊదారు. ఇంకో ఆయాను పెట్టాల్సి వస్తుందని ఆయన భయం. బిడ్డను గదిలోంచి గెంటితే తల్లి మిషన్ వదిలి ఇంట్లో కూర్చోవాలి. అంటే కూలి పోయినట్టే. ఆ బిడ్డెవరో నాకు తెలియదు. కానీ మోచేతి పిన్ని తర్ఫీదు ఇలాగే సాగితే ఒక్క బిడ్డేమిటి, గదికి గదే ఖాళీ!

"పిన్నీ, ఆయన రేపే వస్తాడు. ఒక్క రోజు! ఒక్క రోజు మనిషిలా తాగు!"

"చూద్దాం," అంది గడ్డంతో డబ్బా మూత నొక్కుతూ.

మర్నాడు మేనేజరు వచ్చాడు. వెనకే నేను. నా వెనక గుండీలు కుట్టే అమ్మాయి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. తన కూతుర్ని ఆమె కొన్ని నెలల కిందటే గదిలో చేర్చింది. పిన్ని అందరికీ నీళ్ళు పోయించి, తన గ్లాసు మణికట్ల మధ్య పెట్టుకుని గటగటా తాగింది. పిల్లలందరూ ఒక్కసారిగా మణికట్లు కలిపారు. నా పళ్ళు పటపటలాడాయి.

"అందరూ ఇలా పట్టుకుంటారేం?" అన్నాడు మేనేజరు.

"మా దగ్గర ఇదే పద్ధతండీ," అంది పిన్ని. "రెండు చేతులూ పనిలో ఉంటే పక్కవాణ్ణి గిల్లరు."

"క్రమశిక్షణ! బాగుంది."

అంతలో మావాడు గ్లాసెడు నీళ్ళూ చొక్కాలో పోసుకున్నాడు.

"దొరికాడు! వేళ్ళు బాగాలేనివాడు వీడేనన్నమాట. ఎవరబ్బాయి?"

"నా కొడుకండీ! వాడి వేళ్ళకేం? నిన్ననే మా గోడ గడియారం విప్పేశాడు."

"మళ్ళీ బిగించాడా?"

"...లేదండీ."

"చూశారా మరి! ఇదిగో, ఈ పాపను చూడండి. ఒక్క చుక్క పడలేదు. ఎవరమ్మాయి?"

"నా... నా కూతురండీ," అంది గుండీలమ్మాయి.

అప్పుడు చూశాను ఆ పాప చేతులను. వేళ్ళు మొగ్గల్లా ముడుచుకుని ఉన్నాయి. అవి విచ్చుకునేవి కావు. గ్లాసు పట్టుకోవడానికి ఆ పిల్లకున్న దారి మణికట్లొక్కటే. పిల్లలందరూ పిన్నిని చూసి నేర్చుకున్నారు. పిన్ని మాత్రం ఆ పిల్లను చూసి నేర్చుకుంది! ఆ పిల్ల ఒక్కతే చేస్తే వింత, పిన్ని చేస్తే పద్ధతి.

"మీవాడికి నెల గడువిస్తున్నా. నేర్పించండి," అన్నాడు మేనేజరు.

నా కొడుక్కి లేని లోపం అంటగడుతుంటే నాలుక చివరికొచ్చిన పది జవాబులూ మింగేసి, "సరేనండీ," అన్నాను. సంఘం చరిత్రలో నేను అంత వినయంగా మాట్లాడింది ఇంకెప్పుడూ లేదు.

ఆయన వెళ్ళగానే పిన్నిని నిలదీశాను. "ఇన్నాళ్ళూ నన్ను ఉడికించావు. ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నీకు చెబితే ఊరుకుంటావా? గేటెక్కి ఉపన్యాసం ఇస్తావు. ఆ పిల్ల వేళ్ళను చూసి నాలుగు వీధులూ 'అయ్యో పాపం' అంటాయి. దానికి జాలెందుకమ్మా? ఆడుకోవడానికి జట్టు కావాలి గానీ."

కాదందామంటే, ఉపన్యాసంలో మొదటి రెండు వాక్యాలూ అప్పటికే నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

గది మూలన తడిసిన చొక్కాతో మావాడు గొంతుకూర్చున్నాడు. ఎదురుగా ఆ పాప, ఖాళీ గ్లాసుతో.

"అంత గట్టిగా నొక్కకురా. ఇదిగో, ఇలా. నన్ను చూడు."

నా మాట ఏనాడూ వినని వెధవ, నోరు తెరుచుకుని బుద్ధిగా చూస్తున్నాడు.