వైకుంఠ రథానికో వెబ్‌సైట్

అఫ్రీన్ మొండిఘటం. చిన్న చిన్న కొట్లకు వెబ్‌సైట్లు చేసి పెట్టడం ఆమె పని. ఒక పేజీలో రెండు బటన్లు చాలంటే చాలంతే. మూడోది పెట్టమంటే కొట్లాటకు దిగుతుంది. "మా ముసలి దాదా సుత నొక్కనీకి రావాలె, గప్పుడే అది సైటు" అంటుంది. మోండా మార్కెట్‌లో ఒక మిఠాయి కొట్టుకు ఆమె చేసిన సైటు చూసి ముచ్చటపడి, శేషారత్నం గారు ఆమెను పిలిపించారు.

శేషారత్నం గారిది భీమవరం వైపు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఫ్రీజర్ బాక్సులు, వైకుంఠ రథాలు అద్దెకిస్తారు. భర్త పోయాక ఇదేం వ్యాపారమని చుట్టాలు ముక్కు మీద వేలేసుకున్నా వదల్లేదు. ఎవరింట్లో ఎవరు పోయినా జనం ముందు ఆమెనే తలుచుకుంటారు. ఆ నమ్మకం తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు. చావింట్లో ఒక్క మాట తేడాగా పడిందా, అది కాస్తా మట్టిలో కలుస్తుంది. అందుకే ఆమె డ్రైవర్లు ఆ ఇంటి నుంచి కదిలేటప్పుడు "వెళ్లొస్తాం" అనరు. చెప్పకుండానే బండెక్కుతారు.

సైటు మొదలైన ఉదయం ఇద్దరూ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కాసేపటికే సైటులోకి ఒకతను వచ్చాడు. అతను నింపుతున్న వివరాలు ఒక్కొక్కటిగా వీళ్లకు కనబడుతున్నాయి. పేరు సత్యదేవ్. ఫోన్ నంబరు. పోయినవారు ఏమవుతారని అడిగిన చోట "నాన్న" అని రాశాడు.

"అయ్యో పాపం" అన్నారు శేషారత్నం. "అంతా అయ్యాక చివర్న ఏమొస్తుందే అమ్మాయ్?"

చూపిద్దామని అఫ్రీన్ చివరి పేజీ తెరిచి బిగుసుకుపోయింది. మిఠాయి కొట్టు సైటునే తీసుకుని, అందులో మాటలు మార్చి ఇది తయారు చేసింది. అన్నీ మార్చింది. ఇదొక్కటి మరిచిపోయింది.

"ధన్యవాదాలు! మళ్లీ మళ్లీ రండి, నోరు తీపి చేసుకోండి."

శేషారత్నం మొహంలో నెత్తుటి చుక్క లేదు. "చావింటికా ఈ మాట! తీసెయ్యవే, ముందు తీసెయ్!"

"తీసేసిన ఆంటీ. గని ఆయన ఫోన్ల పాతదే ఉంటది. షురూ చేసినప్పుడే పేజీలన్నీ దిగిపోయినయ్."

"అయితే సైటు మొత్తం ఆపెయ్."

"ఆపితే బండి బుక్ కాదు ఆంటీ. పాపం, మధ్యల ఇరుక్కుంటడు."

తండ్రిని పోగొట్టుకున్నవాణ్ణి నడిమధ్యలో వదిలెయ్యాలి, లేదంటే ఆ మాట వాడి మొహాన కొట్టాలి. ఇంతలో అడ్రసు వచ్చింది, యాప్రాల్. ఇక అతను నొక్కాల్సింది ఆఖరి బటన్ ఒక్కటే.

శేషారత్నం అతని నంబరుకు ఫోన్ చేశారు. మోగుతోంది. ఎత్తడం లేదు. మోగుతుండగానే కంప్యూటర్ మీద "బుకింగ్ వచ్చింది" అని పడింది.

"నా వల్లనే ఆంటీ" అని అఫ్రీన్ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. శేషారత్నం ఆమె వైపు చూడలేదు. కిటికీలోంచి డ్రైవర్‌ను యాప్రాల్ పొమ్మని కేకేసి, మళ్లీ ఫోన్ కలిపారు. ఈసారి అతను ఎత్తాడు.

"బాబూ, నేను శేషారత్నాన్నండి, బండ్లు పంపేదాన్ని. ఇందాక చివర్న ఒక మాట వచ్చిందండి. రాకూడని మాట. తప్పు మాదే. మీ కాళ్లు పట్టుకుంటాను, మనసులో పెట్టుకోకండి."

అవతల అతను ముక్కు చీదుకున్నాడు.

"ఏ మాటమ్మా? అక్షరాలు కనబడితే కదా. తుడుచుకున్న కొద్దీ కళ్లు నిండిపోతున్నాయి. ఎలాగో తడుముకుంటూ నింపాను. కింద పెద్దగా ఏదో ఉంటే నొక్కాను. బండి వస్తోందా? అదొక్కటి చెప్పండి."

"బయలుదేరింది నాయనా. నేనూ వస్తున్నాను."

గండం గడిచిందని అఫ్రీన్ సంతోషపడలేకపోయింది. కళ్లు కనబడని ఏడుపులో ఉన్న మనిషితో ఇన్ని గళ్లు నింపించానా అనుకుంది. ఆ మధ్యాహ్నమే సైటులో పేజీలన్నీ తీసిపారేసింది. ఇప్పుడు అందులో ఉన్నది ఒకటే పెద్ద బటన్. అది నొక్కితే ఫోన్‌లో శేషారత్నం గారు పలుకుతారు.