చేపలు పడని అర్వో బాబాయి

ఫిన్లండ్ మొత్తం మీద చేప పడని గాలం మా పక్కింటి అర్వో బాబాయిదొక్కటే. పడదు సరే, ఎందుకు పడలేదో చెప్పడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. రోజూ పొద్దున్నే పడవేసుకుని ఒంటరిగా సరస్సు మీదికి వెళ్తాడు. మధ్యాహ్నానికి ఖాళీ బకెట్‌తో, కొత్త సాకుతో తిరిగొస్తాడు.

"ఏం బాబాయ్, ఇవాళేమైంది?"

"తూర్పుగాలిరా. చేపలకి తలనొప్పి."

మర్నాడు చర్చి గంటలకు చేపలు బెదిరాయి. జూన్‌లో అయితే రాత్రుళ్లు కూడా వెలుతురేనాయె, చేపలకి నిద్ర చాలక ఆకలి చచ్చింది. ఓసారి నీళ్లు మరీ తేటగా ఉండి చేపలు తనని గుర్తుపట్టేశాయన్నాడు. రేవు పక్క కాఫీ కొట్లో మా ఊరి పెద్దమనుషులు ఈ సాకుల కోసమే పనులు మానుకుని కూర్చునేవారు. వాళ్లలో ఒక్కడూ గాలం పట్టి ఎరగడు. సలహాలకి మాత్రం లోటు లేదు.

వాళ్ల నవ్వుల మధ్య నుంచే బాబాయి రేవు చివర తైమి మామ్మ బడ్డీకి వెళ్లి పొగబెట్టిన చేపలు కొనేవాడు. ఊళ్లోకి పెద్ద దుకాణం వచ్చాక మామ్మ దగ్గర కొనేవాడు ఆయనొక్కడే. మామ్మకి అభిమానం ఎక్కువ. సాయం చేస్తామని వచ్చిన చర్చి వాళ్లనే మెట్లు దిగమంది. అలాంటి మామ్మ బాబాయి మీద మాత్రం జాలిపడేది.

"చేతకానివాడివి, పాపం. ఇదిగో, ఈ పెద్దది తీసుకుపో. ఇంట్లో పరువైనా దక్కుతుంది."

ఇంతలో ఆయన మనవరాలు హిల్లాకి ఆరేళ్లొచ్చాయి. తాతతో చేపలు పడతానని పంతం పట్టింది. పిల్లతో ఒక్కడే వెళ్లడానికి వీల్లేదని కూతురు కట్టడి చేసి, తెడ్డు వెయ్యడానికి నన్ను తోడు పంపింది. నన్ను చూసి బాబాయి గతుక్కుమన్నాడు.

"నీకు వేరే పనేం లేదురా?"

"లేదు బాబాయ్."

ఆ రోజు శనివారం. సాయంత్రం ఇంటింటా ఆవిరిస్నానం, అది కాగానే బల్ల మీదికి చేప రావాలి. బాబాయి రెల్లు దుబ్బుల పక్కన గాలం వేశాడు. నేను కాఫీ పోసుకునేలోపే మూరెడు చారల చేప! గాలం విడిపించి మెల్లగా నీళ్లలో వదిలేశాడు. ఇంకోటి పడింది. అదీ వదిలేశాడు. నా చేతిలోంచి కాఫీ కప్పు జారిపోయింది.

"బాబాయ్! అంటే ఇన్నేళ్లూ..."

"నోర్ముయ్. నేను చేపలు పట్టుకుపోతే తైమి ఎవరికి అమ్ముకుంటుంది? ఊరికే ఇస్తే తీసుకునే మనిషా అది?"

అప్పుడే హిల్లా గాలపు కర్ర వంగింది. అరచేతంత చేప. పిల్ల కేకకి బాతులు లేచిపోయాయి.

"నాకు పడింది తాతా! అమ్మకి చూపిస్తా! కాఫీ కొట్లో అందరికీ చూపిస్తా!"

బాబాయి మొహం పాలిపోయింది. పిల్లకి పడ్డచోట తాతకి పడకపోవడమేమిటని ఊరు ఆరా తీస్తుంది. అది మామ్మ చెవిన పడిందా, ఇక ఈయనకి తోక ముక్క కూడా అమ్మదు. అయినా ఆయన పిల్లని బలవంతపెట్టలేదు. ఉన్నమాట చెప్పి, "నీ చేప, నీ ఇష్టం తల్లీ" అన్నాడు.

హిల్లా బకెట్‌లో ఈదుతున్న తన చేపని వేలితో తాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి చేపకి ఓ ముద్దు పెట్టి నీళ్లలో వదిలేసింది. నేను మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను. అది కూడా తూర్పుగాలి వల్లే అయ్యుంటుంది.

రేవులో పెద్దమనుషులు సిద్ధంగా ఉన్నారు. తైమి మామ్మ బడ్డీలోంచి తల బయటపెట్టింది.

"ఏమ్మా, మొదటిసారి వెళ్లావు కదా, ఏమైనా పడిందా?"

బాబాయి నోరు తెరిచాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయనకి సాకు దొరకలేదు. హిల్లా ఖాళీ బకెట్ బోర్లించి చూపించింది.

"ఇవాళ శనివారం కదా మామ్మా! చేపలన్నీ ఆవిరిస్నానానికి వెళ్లిపోయాయి."

కాఫీ కొట్టు గొల్లుమంది. మామ్మ నుదురు కొట్టుకుంది.

"అచ్చం తాత పోలికే! ఆ కొంపలో ఇక ఎవరికీ చేపలు పడవు" అంటూ బాబాయికి కట్టిన పొట్లంలో పిల్ల కోసం ఇంకో చేప వేసింది.

బాబాయి డబ్బు కట్టి పొట్లం అందుకున్నాడు. మనవరాల్ని భుజాల మీదికి ఎక్కించుకుని, సరస్సులోకెల్లా పెద్ద చేప తన గాలానికే పడ్డట్టు ఛాతీ విరుచుకుని, ఖాళీ బకెట్ ఊపుకుంటూ కాఫీ కొట్టు ముందు నుంచే నడిచి వెళ్లాడు.