చేలో చాటు అడిగిన నర్సమ్మ

మొన్న మంగళవారం మూడో పీరియడ్ ముగించుకుని స్టాఫ్ రూంలోకి వచ్చేసరికి ఫోన్లో నాన్న మిస్డ్ కాల్స్ నాలుగున్నాయి. తిరిగి చేశాను. "నర్సమ్మగారు పోయారమ్మా. పొద్దున్నే గుండెల్లో నొప్పన్నారంట, హాస్పిటల్ దాకా కూడా రాలా. నువ్వు నందిగామలోనే ఉన్నావుగా, ముందు నువ్వెళ్ళు. నేను బయల్దేరుతున్నా" అన్నారు. ఆవిడకి పేరు లేక కాదు. మా ఊళ్ళో ఆవిడని నర్సమ్మ అని తప్ప ఇంకోలా పిలిచినవాళ్ళు లేరు, నేనూ అలాగే రాస్తాను.

మాది వీరులపాడు దాటాక లోపలికి ఉండే ఊరు. అక్కడి సబ్‌సెంటర్లో ఆవిడ ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి, రెండేళ్ళ క్రితం రిటైరై నందిగామలో ఉంటున్నారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడిగేవారు. "మీరేం తాగుతున్నారో నేనూ తాగి చూడొద్దూ?" అనేవారు. మా వీధిలో అందరం ప్లాంటు నీళ్ళ డబ్బాలు తెప్పించుకుంటాం. కాలనీలో బోరు నీళ్ళే. అవి ఉప్పగా ఉంటాయని ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. అప్పటికి నేను ఆ ఊళ్ళో పుట్టి ముప్పై ఏళ్ళు.

బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు ఎవరినైనా ఊరికే కూర్చోబెట్టేవారు. మా నాయనమ్మ ఆ ఐదు నిమిషాల్లోనే అమ్మమీద ఫిర్యాదులన్నీ మొదలుపెట్టేది. "మామ్మగారూ, నేను చూడాల్సింది మీ బీపీ. మీ కోడలి సంగతి తర్వాత చూద్దాం" అని నర్సమ్మ నోరు మూయించేవారు. మా ఇంట్లో నాయనమ్మని అంత మాట అనగలిగింది ఆవిడొక్కరే.

మా మిరపచేలో కోతకి వచ్చే ముఠాకి ఒక మేస్త్రి ఉండేది. యాభై దాటిన మనిషి, కాలనీలో ఉండేది. ఆమెకీ బీపీయే, నాయనమ్మకి ఇచ్చిన మాత్రే ఆమెకీ ఇచ్చేవారు. కోతలు మొదలైతే మాత్రం మేస్త్రి మాత్రలు మానేసేది. మర్చిపోతోందని నర్సమ్మ అనుకున్నారు. మాత్రల రేకుని ఆమె అన్నం క్యారేజీకి రబ్బరు బ్యాండుతో కట్టించారు. ఆదివారం చూస్తే రేకు రేకులాగే ఉండేది. "నీ ప్రాణం మీద నీకు లేని శ్రద్ధ నాకెందుకే?" అని ముఠా అందరి ముందూ కడిగిపారేశారు. మేస్త్రి తల వంచుకుని నవ్వింది.

ఆ ఏడు రెండో కోతలో, మిట్టమధ్యాహ్నం, మేస్త్రి మా చేలోనే పడిపోయింది. నోరు ఒక పక్కకి పోయింది. చేలోంచి తారురోడ్డుకి ట్రాక్టరు మీద, అక్కణ్ణించి ఆటోలో నందిగామ, మళ్ళీ అంబులెన్సులో విజయవాడ. అక్కడికి చేరేసరికి సాయంత్రమైంది. ప్రాణం దక్కింది, కుడిచెయ్యి మాత్రం దక్కలేదు.

మర్నాడు హాస్పిటల్ వరండాలో నర్సమ్మ మేస్త్రి కోడల్ని పట్టుకుని, "ఇంట్లో ఉండి నువ్వేం చేస్తున్నావమ్మా? ఒక్క మాత్ర మింగించలేవూ?" అని గట్టిగా అడిగారు. పక్కనే నేనున్నాను. ఆ పిల్ల ముందు నా వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"అది ఏసుకుంటే పూటకి నాలుగు సార్లు ఒంటికి పోవాలండి. ఆ చేలో ఏడికి పోతామండి? మిరపచెట్టు నడుం దాకా కూడా రాదు. చుట్టూ మగోళ్ళు. మేమంతా పొద్దున్నుంచీ నీళ్ళు కూడా తాగమండి."

నర్సమ్మ అక్కడే బల్లమీద కూర్చుండిపోయారు. "ఇన్నాళ్ళూ తిట్టా గానీ, ఎందుకని అడగలా" అన్నారు.

నా సంగతి ఇంకా అన్యాయం. సెలవుల్లో నేనూ ఆ గట్టుమీద రోజంతా ఉండేదాన్ని. అవసరమైతే స్కూటీ వేసుకుని ఇంటికి వచ్చి వెళ్ళేదాన్ని. వీళ్ళెక్కడికి వెళ్తారన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆడదాన్నై ఉండి కూడా రాలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నర్సమ్మ ఊరికే ఉండే మనిషి కాదు. డాక్టరుగారితో మాట్లాడి చేలకు వెళ్ళేవాళ్ళకి వేరే మాత్ర రాయించారు. తర్వాత మా ఇంటికి వచ్చారు. "అన్నయ్యగారూ, గట్టున నాలుగు గుంజలు పాతి చుట్టూ ఏదైనా కట్టించండి. ఒక డ్రమ్ము నీళ్ళు పెట్టించండి."

"ఎప్పుడూ లేనిది ఇప్పుడేంటండీ? నేనొక్కణ్ణే కట్టిస్తే ఊరంతా నన్ను చూసి నవ్వుతారు" అన్నారు నాన్న.

ఆవిడ వరండాలో పడుకున్న నాయనమ్మని చూపించారు. "మామ్మగారి మంచానికీ బాత్రూంకీ ఆరడుగులు. అందుకే తొంభై దాటారు. అది నా మందుల గొప్పనుకుంటున్నారా? అదే మందు ఆ మేస్త్రికీ ఇచ్చాగా!"

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. నర్సమ్మ మర్నాడూ వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. నాలుగో రోజు నాన్నే విసుక్కుంటూ నందిగామ వెళ్ళి ఆకుపచ్చ షేడ్‌నెట్ చుట్ట తెచ్చి, గట్టున గుంజలు పాతించి చాటు కట్టించారు. మొదటి రోజు ముఠాలో ఎవరూ అటు వెళ్ళలేదు. రెండో రోజు ఒకామె వెళ్ళింది, తర్వాత అందరూ వెళ్ళారు. ఊళ్ళో నవ్వినవాళ్ళు నవ్వారు. ఇప్పుడు ఇంకో ఐదారు చేలల్లో చాటు కట్టారు, చాలా చేలల్లో ఈ రోజుకీ లేదు. మీకు చేలుంటే ఒకసారి వెళ్ళి చూసుకోండి. ఆ తర్వాత నర్సమ్మ ఏ రోగినీ ముందుగా తిట్టలేదు. "నీ రోజు ఎట్లా గడుస్తుందో పొద్దున్నుంచీ చెప్పు" అని కూర్చునేవారు. పిల్లలకి పాఠం చెప్పడంలో నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నది అదే.

మంగళవారం సాయంత్రం నందిగామలో క్రైస్తవుల సమాధుల దొడ్డికి మా ఊరి ముఠా అంతా కోత ఆపేసి వచ్చింది. మేస్త్రి తన కోడలి భుజం పట్టుకుని, కాలీడ్చుకుంటూ అందరికన్నా వెనక వచ్చింది. గుంట దగ్గర వంగి ఎడమచేత్తో మట్టి తీసింది. ఎడమచేత్తో వెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. ఆ మట్టిని, కదలని కుడి అరచేతిలో పోసుకుంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టి పైకెత్తి, మెల్లగా వంచింది. వేళ్ళు విచ్చుకోలేదు. కోడలు ముందుకి వస్తే వద్దని తల ఊపింది. పాస్టరుగారు ప్రార్థన ఆపి నిలబడ్డారు. ఆ వేళ్ళ సందుల్లోంచి మట్టి కొంచెం కొంచెంగా రాలిపోయేదాకా మేమంతా ఆగాం.