గింజ అయిపోయేదాకా తిరిగిన రాయి

మా పొరుగింటి పెద్దమ్మ ఇక లేరన్న మాట నాకు బాగేపల్లిలో, బస్సులు నిలిచే చోట తెలిసింది. చెప్పినవాడు చిక్కబళ్ళాపురం నుండి బస్సు తెచ్చిన కండక్టరు. టికెట్ల సంచిని చంకకు సర్దుకొని నేరుగా నా దగ్గరకు వచ్చి, “మన రాతిపాట అమ్మ ఈ పొద్దు తెల్లారి పోయిందప్పా. నిదరలోనే పోయిందంట. తిరుగు బస్సులో నీకు ముందు సీటు పెట్టినా, ఎక్కు” అన్నాడు. సుమారు పదేండ్ల కిందట ఇదే మనిషి అదే పెద్దమ్మతో ఒక విసురురాయి విషయమై బస్సు కదలనీయకుండా వాదించినవాడు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి జ్ఞాపకం వచ్చింది కాబోలు, దుఃఖవార్త చెప్పినవాడూ విన్నవాడూ ఒకరి ముఖం ఒకరు చూచుకొని కొంచెం నవ్వుకున్నాము. ఆమెను తలచుకొంటే ఎవరికైనా జరిగేది అదే.

పాఠకులలో చాలమందికి ఆమె గొంతు తెలిసే ఉంటుంది, మనిషి తెలిసి ఉండకపోవచ్చు. క్రిస్మస్ దినాలలో చిక్కబళ్ళాపురంలోనూ చింతామణిలోనూ మైకుసెట్టు పెట్టిన చోటనంతా వినిపించే గ్రామఫోను ప్లేట్లు ఆమె పాడినవే. అట్టపెట్టెలో రెండు ప్లేట్లు. ఒక్కొక్క ప్లేటుకు ఒక ప్రక్క అందరూ ఎరిగిన పాత క్రిస్మస్ కీర్తన, రెండవ ప్రక్క ఆమె సొంత పాట. అవి తయారైన రోజున నేను ఆమె ప్రక్కన నిలిచి ఉన్నవాణ్ని గనుక, ఆ వృత్తాంతాన్ని సక్రమంగా వ్రాసి పెట్టడం నా విధి అని భావిస్తున్నాను.

వారు క్రైస్తవులు, మేము సేద్యం మీద బ్రతికే హిందువులము. రెండిండ్లకు నడుమ ఛాతీ ఎత్తు గోడ ఒకటే ఉండేది. ఉగాదికి మా ఇంటి ఓళిగలు ఆ గోడ మీదుగా అటు వెళ్ళేవి, క్రిస్మస్‌కు వారి కర్జికాయలు ఇటు వచ్చేవి. ఖాళీ గిన్నెను తిరిగి పంపే అలవాటు ఏ ఇంటికీ లేదు. కనుక ఒక పండుగకు బయలుదేరిన గిన్నె సంవత్సరమంతా ఏదో ఒకటి మోసుకొంటూ అటూ ఇటూ నడుస్తూనే ఉండేది. ఇప్పుడది ఎవరిదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పాటకు ఆమె పెట్టింది పేరు. పెండ్లి ఏ కులం వారిదైనా నలుగు పాటకు, బంతి పాటకు ఆమెకు పిలుపు వెళ్ళవలసిందే. పెండ్లికొడుకు పక్షాన్ని ఎగతాళి చేసే పాటలలో ఆమె అప్పటికప్పుడు మాటలు కలిపేవారు. ఒక వియ్యంకుడు తన మీసాల మీద కట్టిన చరణాన్ని ఊరికి వెళ్ళిన తరువాత తానే పాడి వినిపించేవాడని ప్రసిద్ధి. మంచేనహళ్ళి జాతరలో ఒక నాటకం కంపెనీవారి రాజువేషధారికి గొంతు పట్టుకొనిపోతే, ఆమెను తెర వెనుక కూర్చోబెట్టి పద్యాలు పాడించినారు. ముందర రాజు నోరు కదుపుతాడు, వెనుక నుండి పెద్దమ్మ పాడుతారు. జనం వన్స్ మోర్ అన్నారు. రాజు మళ్ళీ నోరు కదపక తెర వైపు తిరిగి వంగి నమస్కారం చేసినాడు. ఆ మరుసటి సంవత్సరం నుండి ఆ కంపెనీ వారు ముందుగానే ఆమెకు కబురు పంపేవారు.

ఇక్కడ నన్ను గురించి ఒక మాట చెప్పుకోవలసి ఉన్నది. పగలు వేరుశెనగ మండీలో మూటలెత్తి, సాయంకాలం రాత్రి శాలెలో చదివి, మీసాలు నెరిసే ముందు ఎస్.ఎస్.ఎల్.సి. ఉత్తీర్ణుడనైన వాణ్ని నేను. ఇప్పుడు అదే రకపు మండీలో లెక్కల బల్ల వద్ద కూర్చుంటున్నాను. మధ్యలో ఒకసారి చదువు చాలించుకొందామని నిశ్చయించి, పుస్తకాలను గోడ మీద పెట్టి, ఇవి ఎవరికైనా ఇచ్చివేయండి అని పెద్దమ్మతో అన్నాను. ఆమె అప్పుడు రాగులు విసురుతున్నారు. చేయి ఆపలేదు. “రాతిలో గింజ ఉండగా లేస్తే ఆ ఇల్లు ఎదగదంటారు నాయనా. నీ రాతిలో ఇంకా గింజ ఉండాది, కూసో” అన్నారు. అంతే. పుస్తకాలు నేనే తిరిగి తీసుకొన్నాను.

ఆ మాట ఆమెకు ఊరికే వచ్చింది కాదు. ఆమె తల్లి జంగమకోట ప్రక్క పల్లెలో పరుల ఇండ్లలో రాగులు విసిరిన కూలి మనిషి. పండుగ నాడు కూడా ఎవరింటి రాయో ఎదురుచూస్తూ ఉండేదట. చర్చిలో కీర్తనల పుస్తకం చూచి పాడేవారి వరుసకు ఆమె ఎన్నడూ రాలేదు. అందుచేత తన క్రిస్మస్‌ను రాతి దగ్గరే చేసుకొని, ఒక పాట కట్టుకొన్నది. దాని పల్లవి ఇది:

గడ్డి మీద పండినాడు కన్నతల్లి కొమరుడు
రాయి మెల్లగ తిప్పు తల్లీ, రవ్వంత నిదరబోనీ

పెద్దమ్మ దానికి చరణాలు చేర్చి పూర్తి చేసినారు. మరొక పాట పూర్తిగా ఆమెదే. అందులో గొర్రెల కాపరులు నంది కొండ కింద కంబళ్ళు కప్పుకొని మంద కాస్తుండగా ఆకాశం తెల్లవారుతుంది. మొదటి పాటలో “నిదరబోనీ” అనేది గ్రామ్యంగా ఉన్నదనీ, “నిద్రించనిమ్ము” అంటే గౌరవంగా ఉంటుందనీ నేను సూచించినాను. ఆమె ఆ మాటను రెండు మూడు చుట్లు రాతి మీద తిప్పి చూచినారు. “మాట బాగుండాదప్పా. ఆ మాటకు బిడ్డ లేస్తాడు” అన్నారు. వ్యాకరణ దృష్టితో నా సూచన సరియైనదేనని నేటికీ నా అభిప్రాయం. కాని బిడ్డ విషయంలో ఆమె చెప్పినదే సరి.

ఇట్లుండగా ఒక గ్రామఫోను కంపెనీవారు బెంగుళూరులో ఒక బంగళా అద్దెకు తీసుకొని ఈ ప్రాంతపు గాయకులను పిలిపిస్తున్నారని తెలిసింది. వారికి కావలసినవి నాలుగు క్రిస్మస్ పాటలు, నాలుగూ పాతవే. పెద్దమ్మ, పాతవి రెండు, నావి రెండు, లేకుంటే నేను రాను అని కబురు పంపినారు. వారు ఒప్పుకొన్నారు. ఒప్పుకోనివారు మన సంఘపెద్ద. ఆయన చర్చి వ్యవహారాలు చూచే నిష్ఠగల మనిషి, హార్మోనియం ఆయన అధీనంలోనే ఉండేది. రాయి పెట్టుకొని క్రిస్మస్ పాట పాడుతుందట అని వినగానే పెద్దమ్మ ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

“హార్మోనియం నేనే మోసి తెస్తానమ్మా. ఆ రాయి మాత్రం వద్దు. మా అమ్మా రాయే తిప్పింది, మీ అమ్మా రాయే తిప్పింది. ఆ మోత కాడి నుంచి లేచి వచ్చి బెంచీ మీద కూసోడానికి మనోళ్ళు ఎంత పడినారో నీకు తెలియదా? మళ్ళా దాన్నే తెచ్చి దేవుని పాటలో పెడతావా?”

“పశువుల పాకలో హార్మోనియం యాడుండె అప్పా?” అన్నారు పెద్దమ్మ.

ఆయనకు నవ్వు వచ్చింది. దానిని దాచుకోవడానికి ముఖం వీధి వైపు త్రిప్పుకొన్నారు. అయినా మాట మార్చుకోలేదు. రాయి మోగే పాట చర్చి ఆవరణలో వినిపించదని చెప్పి లేచినారు. పెద్దమ్మ ముఖంలో నవ్వు పోవడం నేను చూచినది అప్పుడొక్కసారే. “మా అమ్మ పాట క్రిస్మస్ నాడు గుళ్ళో ఒకసారి వినపడాల నాయనా. నేను అడిగేది అంతే” అని నాతో అన్నారు. కన్నడం, కొంత ఇంగ్లీషు వచ్చినవాణ్ని గనుక నన్ను తోడు రమ్మన్నారు.

చిక్కబళ్ళాపురంలో బస్సు ఎక్కబోతే, నా భుజం మీద ఉన్న కింది రాతిని, పెద్దమ్మ చంకలో ఉన్న పై రాతిని చూచి కండక్టరు అడ్డం నిలిచినాడు. బెంగుళూరులో రాళ్ళు లేవా అని అడిగినాడు. ఉండాయి, నా పాట తెలిసిన రాయి లేదు అన్నారు ఆమె. రాళ్ళు రెండూ బస్సు పైకి ఎక్కవలసిందే అన్నాడు. కింది రాతికి ఆమె ఒప్పుకొన్నారు, పై రాతికి ఒప్పుకోలేదు. లోపల కూర్చున్నవారు రెండు పక్షాలైనారు. చివరకు ఒక ముసలాయన, ఆ రాయి ఒడిలో కూర్చుంటుంది, దానికి సీటెందుకని తీర్పు చెప్పినాడు. బస్సు కదిలిన తరువాత ఎవరో ఒక పెండ్లిపాట అడిగినారు. దేవనహళ్ళి వచ్చేసరికి కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలిచి వంత పాడుతున్నాడు.

బంగళాలో పాత కీర్తనలు రెండూ, కాపరుల పాటా హార్మోనియంతో చక్కగా ముగిసినవి. హార్మోనియం మన సంఘపెద్దదే. తాను రాకపోయినా, అన్న మాట తప్పక ఆయన దానిని ముందురోజే పంపి ఉన్నారు. తరువాత తల్లి పాట వంతు రాగా కంపెనీ ఇంజనీరు, రాయి యంత్రానికి పడదు, అది లేకుండా పాడవలసిందన్నాడు. పెద్దమ్మ ప్రయత్నించినారు. చేతికి రాయి లేనందున పాట పరుగెత్తింది. తబలా వాయించే ఆయన వెంబడించలేక నుదురు తుడుచుకొన్నాడు. రెండవసారి పాడితే గొంతులో ప్రాణం లేదు. ఇంజనీరు తానే వచ్చి, ఆ రాతినే తెమ్మని నాతో అన్నాడు.

ఆమె నేల మీద గోనె పరచి రాతిని అమర్చి, కొంగున తెచ్చిన రాగులు గుప్పెడు పోసి తిప్పినారు. అప్పుడు పాట తన నడక తాను నడిచింది. గింజ ఉన్న రాయి గొంతు బరువుగా, గురుగురుమని ఉంటుంది. దాని మీద ఆమె గొంతు పొత్తిళ్ళలో బిడ్డ వలె కూర్చున్నది. పాట ముగిసింది. ఇంజనీరు చాలునని చేయి ఎత్తినాడు. ఆమె చూచినారు, కాని రాతిలో ఇంకా గింజ ఉన్నది. కాబట్టి ఆపలేదు. తల వంచుకొని నెమ్మదిగా తిప్పుతూనే ఉన్నారు. మోత పలుచబడి, పలుచబడి, చివరి గింజ నలిగి, రాయి తేలికై తనంతట నిలిచింది. యంత్రం అదంతా పట్టుకొన్నది.

ఇంజనీరు తల పట్టుకొని, పాట తరువాత ఆ మోత ఎందుకు, మరల పాడవలసిందన్నాడు. “రాగులు అయిపోయినాయప్పా” అన్నారు పెద్దమ్మ. ఉత్త రాయి తిప్పేది మా దగ్గర లేదని నేను ఇంగ్లీషులో విశదీకరించినాను. ఎంత అర్థమైనదో తెలియదు, కాని ఆయన చేయి దించివేసినాడు. ఆ పూట ఆ పిండితోనే బంగళా వంటవాడు సంగటి కెలికినాడు. ఇంజనీరుకు నిమ్మకాయంత ముద్ద వచ్చింది. నమలకూడదు, మ్రింగాలని పెద్దమ్మ ఆయనకు నేర్పినారు.

ప్లేట్లు క్రిస్మస్‌కు ముందే వచ్చినవి. ఆరాధన ముగిసిన తరువాత చర్చి ఆవరణలో మైకుసెట్టు పెట్టించినారు. సంఘపెద్ద పాత కీర్తనలకు మాత్రమే అనుమతి ఇచ్చినారు. మైకుసెట్టు ఆయనకు ఈ తగవు తెలియదు. ఒక ప్రక్క ముగిస్తే ప్లేటు తిప్పి వేయడం ఆయన చేతి అలవాటు. తిప్పినాడు, వేసినాడు. రాయి గురుగురుమన్నది.

సంఘపెద్ద కుర్చీలో నుండి లేచినారు. ఆపమనడానికే లేచినారని నా నమ్మకం. అప్పటికే వీధిలోని ఆడవాళ్ళు, మా ఇంటి వాళ్ళతో సహా, గేటు దగ్గరకు వచ్చి నిలిచినారు. చర్చి మెట్ల మీద ఆయన ముసలి తల్లి కూర్చుని ఉన్నది. ఆమెకు చూపు లేదు. ఆమె కుడిచేయి ఒడిలో నుండి లేచి, పిడి పట్టుకొన్నట్టు ముడుచుకొని, గాలిలో గుండ్రంగా తిరగసాగింది. పెదవుల మీద చిరునవ్వు ఉన్నది. సంఘపెద్ద చాలసేపు ఆ చేతినే చూచినారు. పిదప కుర్చీలోకి కాక మెట్ల మీదికి వెళ్ళి, తల్లి ప్రక్కన కూర్చున్నారు.

పాట ముగిసింది. మైకుసెట్టు ఆయన ముల్లు ఎత్తబోయినాడు. పెద్దమ్మ జనంలో నుండి, “ఉండప్పా, ఇంకా గింజ ఉండాది” అన్నారు. ఆవరణమంతా నవ్వింది. ఆ నవ్వు క్రిందుగా రాయి తేలికై ఆగేవరకూ ముల్లు తిరిగింది. మరుసటి సంవత్సరం నుండి క్రిస్మస్ ఆరాధనలో ఆ పాటకు విసురురాయి చర్చి లోపలికే వచ్చింది. మోసి తెచ్చినవారు సంఘపెద్ద. నేను సహాయం చేస్తానంటే ఒప్పుకోలేదు.

మొన్న సమాధి కార్యక్రమం ముగించుకొని అందరమూ ఆమె ఇంటికి వచ్చినాము. ఏడ్చినవారు కొందరే. మీసాల వియ్యంకుని చరణం ఎవరో ఎత్తుకొన్నారు, కండక్టరు బస్సు తగవును ఇద్దరి గొంతులతోనూ చెప్పి నవ్వించినాడు. మూలన విసురురాయి ఉన్నది. సంఘపెద్ద కర్ర ఆనించి దాని ప్రక్కనే పీట మీద కూర్చున్నారు. ఇప్పుడు ఆయనకూ చూపు తగ్గింది. మైకుసెట్టు ఆయన పెట్టె తెచ్చి ఆ ప్లేటు వేసినాడు. గడ్డి మీద కొమరుడు పండుకొన్నాడు, తల్లులు రాతిని మెల్లగా తిప్పినారు, పెద్దమ్మ పాట ముగించినారు. మైకుసెట్టు ఆయన కన్ను తుడుచుకొంటూ, ఏమి తోచక, ముల్లు వైపు చేయి చాపినాడు.

“ఉండప్పా, ఇంకా గింజ ఉండాది” అన్నారు సంఘపెద్ద.

చాపిన చేయి ఆగింది. మోత పలుచబడింది. చివరి గింజ నలిగి, రాయి తేలికై, నిలిచింది. పీట మీద ఆయన కుడిచేయి మాత్రం, పిడి పట్టుకొన్నట్టు ముడుచుకొని, ఇంకొక చుట్టు తిరిగి ఆగింది.