మంచునదికి బ్రెడ్డూ బత్తాయిలూ

ఉపగ్రహాలు తీసిన ఫొటోల్లో హిమాలయాల మంచునదుల అంచులు గీయడం నా ఉద్యోగం. వానలు వెనకబట్టి, కొత్త మంచు ఇంకా పడని రోజుల్లో తీసిన ఫొటో తెరిచి, మంచు ఎక్కడిదాకా ఉందో గీత గీస్తాను. దాన్ని పాత గీతతో పోలుస్తాను. ఇన్నేళ్లలో గీత వెనక్కి పోవడమే గానీ ముందుకొచ్చింది చూడలేదు. ఇంతా చేసి, నేను కళ్లారా చూసిన మంచు అల్వాల్‌లో మా ఇంటి ఫ్రిజ్‌లో పేరుకున్నదే.

వారంలో కొన్ని రోజులు ఇంటినుంచే పని. మా అత్తయ్య బాపట్ల వైపు బళ్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఒక మధ్యాహ్నం నా కుర్చీ వెనక నిలబడి, "ఆ నీలం తోకేంటమ్మా?" అన్నారు. మంచు స్పష్టంగా తెలియడానికి రంగులు మారుస్తామని చెప్పి, పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపించాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"అయ్యో, చిక్కి సగమైపోయిందే పిల్ల!"

మా ఫైళ్లలో అంకె తప్ప పేరు లేని ఆ మంచునది ఆ పూటనుంచి మా ఇంట్లో పిల్ల అయిపోయింది. సాయంత్రం టీ ఇస్తూ దాని క్షేమం అడిగేవారు. రోజూ కొత్త ఫొటో రాదండీ అంటే, "పోన్లే, పాతదే చూపించు" అనేవారు.

ఒక ఆదివారం నాకు జలుబు చేసి చర్చికి వెళ్లలేదు. అత్తయ్య వెళ్లి పాస్టరుగారితో, "మా కోడలు చూసుకునే పిల్లొకటి ఉత్తరాదిన ఉందండీ. ఏటేటా కరిగిపోతోంది. ప్రార్థనలో పెట్టండి" అన్నారట. పాపం ఆయన, ఒక చిన్నబిడ్డ క్షీణించిపోతోందని సంఘానికంతటికీ చెప్పి, ప్రార్థన చేశారట. అందులో అత్తయ్యకు తప్పేమీ తోచలేదు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఆవిడే. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి.

రెండ్రోజుల తర్వాత చర్చి స్త్రీల సమాజం వాళ్లు నలుగురు మా ఇంటికి వచ్చారు. అత్తయ్య బజారుకెళ్లారు. తలుపు తీసింది నేను. ఒకరి చేతిలో బ్రెడ్డు, ఒకరి చేతిలో బత్తాయిలు. మా వీధి చివరి ఆంటీ అయితే పొద్దున్నే బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయి, పథ్యానికి మంచిదని సంచెడు లేత బీరకాయలు తెచ్చారు.

"వందనాలమ్మా. పిల్లకెట్లుంది? జెర తగ్గిందా?" అన్నారు ఆంటీ, మెల్లగా.

నా పని గురించి అడగడానికి ఇంతమంది ఇంటికి రావడం అదే మొదలు. మనసు నిండిపోయింది.

"చాలా తగ్గిందండీ," అన్నాను దిగులుగా.

"దేవునికి స్తోత్రం!" అన్నారు నలుగురూ.

నేను కంగారుపడ్డాను. "అయ్యో, ఏటా తగ్గుతూనే ఉందండీ. ఇలాగే పోతే కొన్నాళ్లకు అసలే ఉండదు."

"అంటే రోగం మొత్తమే పోతదన్నట్టు," అని ఆంటీ పక్కావిడకు విడమరిచి చెప్పారు.

శాస్త్రం సరిగ్గా చెప్పకపోతే లాభం లేదనిపించింది. "కింది భాగమంతా రాళ్లేనండీ."

"రాళ్లా! మా ఆయనకు సుత అయినయి. మస్తు నీళ్లు తాగిపియ్యాలె."

"నీళ్లు దాన్నుంచే కారుతున్నాయండీ. కింద చెరువు కట్టింది."

బీరకాయల సంచి నేలమీద పెట్టి, ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. "ఏ గదిల పండుకోబెట్టిన్రమ్మా?"

"ల్యాప్‌టాప్‌లో ఉందండీ."

అదే సమయానికి అత్తయ్య వచ్చారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నాకోసం కూడా ప్రార్థన పెట్టేవాళ్లు. సంగతి తెలిశాక ఒకావిడ పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆంటీ నవ్వలేదు. తెర దగ్గరికొచ్చి రెండు ఫొటోలూ చాలాసేపు చూశారు.

"గింత ఉండెనా, గింతే మిగిలిందా?" అన్నారు. తర్వాత కొంగు తలమీద కప్పుకుని, "ప్రార్థనకని వచ్చినం. చెయ్యకుండ ఎట్ల పోతం?" అన్నారు.

భోజనాల బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టి చుట్టూ నిలబడ్డాం. ఆంటీ ప్రార్థన సాగుతూ ఉండగా తెర ఉన్నట్టుండి నల్లబడింది. బ్రెడ్డు తెచ్చినావిడ కళ్లు తెరిచి, "అయ్యో, పోయిందా?" అని కేక పెట్టింది. నేను గబుక్కున మౌస్ కదిపాను. ఆమేన్ అనేదాకా దానిమీదినుంచి చెయ్యి తియ్యలేదు.

మరుసటి ఏడు వానలు వెళ్లాక కొత్త ఫొటో వచ్చింది. గీత ఇంకా వెనక్కే పోయింది. సాయంత్రం వీధిలో ఆంటీ ఎదురై పిల్ల సంగతి అడిగారు. ఈసారి మాట చూసుకుని, "ఇంకొంచెం కరిగిపోయిందండీ" అన్నాను.

దేవుడిమీద అలుగుతారేమో అనుకున్నాను.

"ఏదీ, ఒకపారి చూపియ్యి," అని నా వెంటే మా ఇంటికి నడిచారు.